నలభై రెండు, పచ్చ

ఆసుపత్రి రెండో అంతస్తు. తలుపు అవతల సెలైన్ ఎక్కుతున్న పద్నాలుగేళ్ల పిల్ల. ఇవతల బెంచీ మీద ఆ పిల్ల తండ్రి, పక్కన అతని అక్క. సాయంత్రం నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

"…ఇదిగో, ఇక్కడ. నా సంతకం కింద నీది. పెన్ను కాస్త గట్టిగా నొక్కు, సరిగ్గా రాయట్లేదది."

"పెడతాన్లే. ముందు నువ్వేమైనా తిను. పొద్దుటి నుంచీ ఆ టీ నీళ్లే కదా."

"తింటాను. సంతకం పెట్టు."

"కళ్లజోడు తేలేదురా."

"నీ మెడలో వేలాడుతున్నదేంటి?"

"ఇది… ఇది దగ్గరికి పనికిరాదు."

"దగ్గరికే కదక్కా నువ్వు చేయించుకుంది. సరే, నేనే చదువుతాను, విను. 'మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. క్రీడా పాఠశాల హాస్టల్లో ఉండి రెండేళ్లుగా పరుగు నేర్చుకుంటోంది. మొన్న సాయంత్రం ఎండలో ఎనిమిది రౌండ్లు పరిగెత్తించారు. ఒంట్లో నీళ్లు తగ్గాయో లేదో చెప్పే ఉమ్మి మిషన్ తప్పు అంకె చూపించింది. ఆ పనికిమాలిన మిషన్‌ని నమ్మి…' పనికిమాలిన అని రాయొచ్చంటావా?"

"ఎవరు రాశారిది?"

"మా లారీ ఆఫీసులో గుమస్తా. నేను చెప్తుంటే రాశాడు. పనికిమాలిన అన్నది నా మాట. మిగతావి ఆయనవి."

"తీసెయ్."

"ఏది?"

"ఆ మాట."

"తీసేస్తాను. విను. 'మిషన్‌ని నమ్మి, పిల్ల మొహం కూడా చూడకుండా ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తమన్న కోచ్‌ని ఉద్యోగం నుంచి తీసెయ్యాలి. పరీక్ష చేసిన ఆయా మా అక్కే. మిషన్ చూపించిన అంకె ఆమె కళ్లారా చూసింది. ఆమే సాక్షి.' అంతే. కింద నేను, నువ్వు. విచారణకొచ్చే ఆఫీసరు నాలుగున్నరకి ఇక్కడికే వస్తానన్నాడు. చేతిలో పెట్టేద్దాం."

"టైమెంతయింది?"

"మూడూ నలభై అయిదు. చాలా టైముంది."

"చాలా ఏం లేదు."

"ఏంటీ?"

"ఏం లేదు. డాక్టరు మళ్లీ ఏమైనా అన్నాడా?"

"నువ్వుండగానే కదా చెప్పింది. గండం గడిచింది, కిడ్నీలు అలిసిపోయాయి, వాటికి కోలుకోవడానికి టైము పడుతుంది అన్నాడు. పొద్దున కాస్త ఒంటికి వెళ్లిందట. నా జీవితంలో ఒకళ్లు ఒంటికి వెళ్లారని విని నేనింత సంతోషపడతాననుకోలేదు. నవ్వవేం?"

"నవ్వుతున్నాగా."

"దాన్ని నవ్వంటారా? మిడత లోపలుంది కాబట్టి సరిపోయింది. అది చూస్తే నీ మొహం ఎలా ఉందో అచ్చం చేసి చూపించేది."

"దానికా పేరు పెట్టింది నేనే. పుట్టినప్పుడు కాళ్లు తప్ప ఇంకేమీ లేదు పిల్లలో."

"తను కూడా నీకు పెట్టిందిగా. ఉమ్మత్త. మొదట ఫోన్లో చెప్తే నాకర్థం కాలేదు. 'నాన్నా, మా అత్త ఇప్పుడు పెద్ద ఆఫీసరు. కోచ్ అయినా సరే ఆవిడ ముందు నాలుక బయటపెట్టాల్సిందే' అంది. పడీ పడీ నవ్వాను. స్టీరింగ్ వదిలేస్తానేమో అని క్లీనరు భయపడ్డాడు."

"సార్ కూడా పెట్టాడు నాలుక. మొదటి రోజు. పిల్లలకి భయం పోవాలని."

"ఆయన మాటెత్తకు."

"నేనెత్తలేదు, నువ్వే."

"అసలు ఉమ్మి చూసి ఒంట్లో నీళ్లు ఎంతున్నాయో చెప్పడమేంటక్కా? పంచాంగం చెప్పినట్టు. నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

"పంచాంగం కాదు. ఒంట్లో నీళ్లు తగ్గే కొద్దీ ఉమ్మి చిక్కబడుతుంది. ఆ చిక్కదనం చూసి అంకె వేస్తుంది. అరవై లోపుంటే పచ్చ లైటు, దాటితే పసుపు, నూరు దాటితే ఎరుపు. చిన్న కాగితం పుల్ల ఉంటుంది, నాలుక చివర ఆనిస్తే చాలు."

"బాగా నేర్చుకున్నావు. నేర్చుకుని ఏం లాభం, అది అబద్ధం చెప్తే."

"అది నోట్లో ఏముంటే అదే చెప్తుంది."

"మరి మిడత నోట్లో ఏముందని నలభై రెండు చెప్పింది? పచ్చ లైటట. రెండు రౌండ్లు తిరిగేసరికి కట్టెలా పడిపోయింది. పచ్చ లైటు. నా బండిలో డీజిలు ముల్లు చెడిపోతే నేనేం చేస్తానో తెలుసా? ట్యాంకులో కర్ర పెట్టి చూస్తాను. ముల్లు నిండుగా ఉందని చూపిస్తోంది కదా అని రోడ్డెక్కితే వాడు డ్రైవరా? ఆ కోచ్ చెయ్యాల్సిన పనదే. పిల్ల పెదాలు చూడాలి. కళ్లు చూడాలి."

"ఇంతకుముందు చూసేవాడు. చెయ్యి మీద చర్మం గిల్లి చూసేవాడు. 'నువ్వు పక్కన కూర్చో' అని లాగేసేవాడు. మిషన్ వచ్చాక మానేశాడు."

"అదే కదా నేననేది. మానెయ్యడమే తప్పు."

"మిషన్ వచ్చాక కూడా… వెంటనే మానలేదు. నెల రోజులు రెండూ చేశాడు. ఆయన గిల్లి చెప్పేదీ, నేను అరిచే అంకే సరిపోయేవి. అప్పుడే వదిలేశాడు గిల్లడం."

"ఆయన్ని వెనకేసుకొస్తున్నావేంటక్కా?"

"వెనకేసుకు రావట్లేదు. ఉన్నది చెప్తున్నాను."

"నిన్న రాత్రంతా ఆ మెట్ల మీదే కూర్చున్నాడు, తెలుసా? తెల్లారి నేను బయటికొస్తే లేచి నిలబడి 'తప్పు నాదేనండీ' అన్నాడు. విన్నావా? తనే ఒప్పుకున్నాడు."

"ఇంకేమన్నాడు?"

"'నేను మిషన్‌ని నమ్మలేదండీ, మీ అక్కగారు అరిచిన అంకెని నమ్మాను. ఆవిడ ఎప్పుడూ తప్పు చెప్పరు' అన్నాడు. చూశావా తెలివి? మెల్లిగా నీ మీదికి తోస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. కాలరు పట్టుకున్నాను."

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. రెండు ఊపులు ఊపాను కూడా. చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ ఒక్క మాట అనలేదు."

"అయ్యో. ఎందుకు చేశావురా అలా?"

"నా కూతురక్కా. ఎక్కడికి లేచావు?"

"కిందికెళ్లి నీకు తినడానికేమైనా పట్టుకొస్తాను. రెండు నిమిషాలు."

"సంతకం పెట్టి వెళ్లు."

"వచ్చి పెడతాను."

"పెన్ను నీ చేతిలోనే ఉంది. పెట్టి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

"…సరేలే, తర్వాతే వెళ్తాను. నీకు ఆకలి లేదంటున్నావుగా."

"నేను లేదనలేదు. తింటానన్నాను."

"టైమెంతయింది?"

"నాలుగు. సరిగ్గా నాలుగు. ఆఫీసరు ఇంకో అరగంటలో వస్తాడు. కంగారు పడకు, ఏమీ అడగడు నిన్ను. అడిగినా ఒకటే మాట, 'మిషన్ నలభై రెండు చూపించింది' అను. అబద్ధమేం కాదు కదా? చూపించిందిగా?"

"చూపించింది."

"చాలు మరి. ఇంక నిన్నెవరూ ఏమీ అనరు. నీ చేతిలో ఏముంది? అంకె చదవడం నీ పని. చదివావు."

"మిషన్ కంపెనీ అతను వచ్చాడు కదా నిన్న. ఏం చెప్పాడు?"

"ఏం చెప్తాడు, బాగానే ఉందన్నాడు. తన నాలుక మీద పెట్టుకున్నాడు, నా నాలుక మీద పెట్టాడు. నాకు డెబ్భై చిల్లర వచ్చింది. ఏడ్చి ఏడ్చి నీళ్లు తాగలేదు కదా, సరిగ్గానే చెప్పింది అన్నాడు. వాడి సరుకు బాగోలేదని వాడే అంటాడా?"

"నీకు సరిగ్గా చెప్పిందిగా."

"ఒకసారి సరిగ్గా చెప్తే సరిపోతుందా? ఆగిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరిగ్గానే చూపిస్తుంది. నీ ఫోను మోగుతోంది."

"మోగనీ."

"ఎత్తు, మనవాళ్లెవరైనా అయ్యుంటారు."

"హలో… ఆఁ, చెప్పమ్మా… పుల్లల డబ్బా కింది అరలో ఉంటుంది, తువ్వాళ్ల వెనక… దొరికిందా… ఎవరికి?… ఇద్దరికా?… రెండోసారి కూడా అరిచిందా… … లేదమ్మా, ఉన్నాను, వింటున్నాను… నేను ఆసుపత్రిలో ఉన్నాను, మా తమ్ముడు పక్కనే ఉన్నాడు… అదే, నేను చూపించానుగా. చూపించినట్టే చెయ్యి… ఆఁ, అలాగే. ఉంటాను."

"ఎవరు?"

"కొత్తమ్మాయి. నా బదులు ఈ రెండ్రోజులూ మైదానంలో చేస్తోంది."

"ఏంటట?"

"ఏం లేదు. డబ్బా ఎక్కడుందని."

"ఏదో అరిచిందంటున్నావు?"

"మిషన్. కీక్ కీక్‌మని అరుస్తుంది అప్పుడప్పుడు."

"ఎప్పుడు?"

"అప్పుడప్పుడు."

"అంటే ఇంకా ఆ మిషనే వాడుతున్నారా వాళ్లు? పిల్ల పడిపోయింది చాలలేదా?"

"ఆపాలంటే పైనుంచి కాగితం రావాలట. సార్‌ని మటుకు రావద్దన్నారు. ఇంకో చోటి నుంచి ఎవరినో పంపారు. ఆయనకి పిల్లల మొహాలు కూడా తెలీవు. అంకె అడుగుతాడు, పరిగెత్తిస్తాడు."

"చూశావా? అందుకే సంతకం పెట్టమంటున్నాను. ఈ కాగితం వెళ్తేనే ఆ మిషన్‌ని పక్కన పెడతారు. మన పిల్లకైంది ఇంకో పిల్లకి కాకూడదని."

"ఒకసారి… బాత్రూమ్‌కి వెళ్లొస్తానురా."

"ఫోను పట్టుకుని?"

"ఏం, ఫోను ఎక్కడ పెట్టను?"

"ఇక్కడ పెట్టు. డాక్టరు దగ్గర నీ నంబరే ఉంది. మోగితే నేనెత్తుతాను."

"…పోనీలే. తర్వాత వెళ్తాను."

"ఏమైందక్కా నీకు? కూర్చుంటావు, లేస్తావు. నీకూ నీరసంగా ఉందా? నర్సుకి చెప్పనా?"

"వద్దు. టైమెంత?"

"నాలుగూ అయిదు. గోడ మీద అంత పెద్ద గడియారముంటే నన్నడుగుతావేం? ఆ, కళ్లజోడు తేలేదు కదూ."

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యట్లేదు. అలవాటు. నీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గర చెయ్యను? అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు, నా కూతుర్ని పెంచింది నువ్వు. నేను నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదుంటే, ఆ హాస్టల్లో నువ్వున్నావనే కదా పిల్లని అక్కడ చేర్చింది. మా అత్త ఉంది కదా అని అది కూడా బెంగపడలేదు."

"ఆపరా."

"నేను నిన్నేమీ అనట్లేదక్కా. నువ్వు లేకపోతే ఇంకా ఏమయ్యేదో అంటున్నాను. పడిపోగానే చేతుల మీద ఎత్తుకుని పరిగెత్తావట. సార్ కంటే ముందు. ఎవరో చెప్పారు."

"బరువే లేదు. దూదిపింజలా ఉంది."

"పేషెంట్ తాలూకు మీరేనా?"

"మేమేనండీ నర్సమ్మా. నేను నాన్నని. ఏమైందండీ?"

"ఏం కాలేదు, కూర్చోండి. నిద్రలోంచి లేచింది. నోరెండిపోయిందంటే దూది తడిపి పెదాలకి అద్దాను. డాక్టరుగారు కొద్దికొద్దిగా తాగించమన్నారని రెండు చెంచాల నీళ్లు కూడా నోట్లో పోశాను. తాగలేదు. పుక్కిలించి దుప్పటి మీద ఉమ్మేసింది."

"వాంతాండీ?"

"వాంతి కాదు, కావాలనే. మళ్లీ పోస్తే మళ్లీ అంతే. పైగా నోరు తెరిచి చూపిస్తోంది, 'మింగలేదత్తా, చూడు' అని. మగతలో ఉందిలెండి, నన్నే అత్త అనుకుంటోంది. ఎవరా అత్త?"

"ఈవిడేనండీ. మా అక్క."

"అయితే అయిదింటికి లోపలికి వదులుతాను, మీరొకసారి చెప్పండమ్మా. నేను చెప్తే వినట్లేదు. ఒంట్లోకి నీళ్లు పోవాలి, కిడ్నీలకి అదే మందు. మీరు చెప్తే మింగుతుందేమో."

"చెప్తుందండీ. తప్పకుండా చెప్తుంది. …వెళ్లిపోయింది. అక్కా."

"ఊఁ."

"మింగలేదత్తా ఏంటి?"

"మగత అందిగా నర్సు."

"మగతలో కూడా ఏదో ఒకటి గుర్తొస్తేనే కదా మాట్లాడతారు. నీళ్లు మింగొద్దని ఎవరు చెప్పారు దానికి? అక్కా, ఇటు చూడు. ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మొన్నే. ఆరో రౌండయ్యాక."

"అర్థం కాలేదు నాకు."

"పరుగుకి ముందొకసారి, ఆరు రౌండ్లయ్యాక ఇంకోసారి పరీక్ష చెయ్యాలి. వరసలో నిలబడ్డారు. మిడత వచ్చి నాలుక పెట్టింది. పుల్ల ఆనించాను. కీక్‌మంది. తడి అందకపోతే అలా అరుస్తుంది. ఇంకో పుల్ల పెట్టాను. మళ్లీ కీక్‌మంది. వెనక పదకొండు మంది పిల్లలున్నారు. సార్ అటు తిరిగి గడియారం చూసుకుంటూ విజిల్ వేస్తున్నాడు. స్టోర్ నుంచి పరీక్షకి పిల్లకొక్క పుల్ల ఇస్తారు, ఒకటి పాడైతే పది ప్రశ్నలు. 'అత్తా, ఉమ్మి రావట్లేదు' అంది."

"అంటే?"

"అంటే, పక్కనున్న సీసా ఇచ్చాను. 'పుక్కిలించి ఉమ్మెయ్, మింగకు' అన్నాను. మింగకు అన్నానురా. దాహంతో నోరెండిపోయిన పిల్ల నోట్లో నీళ్లు పోసి మింగొద్దన్నాను. ఉమ్మేసింది. నా మాట ఎప్పుడు కాదందని? నోరు తెరిచి చూపించింది కూడా, మింగలేదత్తా అని. అప్పుడు ఆనించాను మూడో పుల్ల."

"నలభై రెండు."

"నలభై రెండు, పచ్చ. గట్టిగా అరిచాను. సార్ వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు. పరిగెత్తింది. అది పిల్ల అంకె కాదురా. పంపు నీళ్ల అంకె."

"పుక్కిలించకూడదని నీకు తెలీదా? కంపెనీ వాడు వచ్చి సగం రోజు నేర్పించాడన్నావు."

"ముందు పావుగంట నీళ్లు తాగనివ్వొద్దన్నాడు. ఉమ్మేస్తే తాగినట్టు కాదు కదా అనుకున్నాను. అదేదో నేనే కనిపెట్టిన ఉపాయం అనుకున్నాను. స్టోర్ అతను కూడా మెచ్చుకున్నాడు, నీ దగ్గర ఒక్క పుల్ల పాడవదు అని. నిన్న రాత్రి హాస్టల్‌కి వెళ్లినప్పుడు మిషన్ పెట్టెలో కాగితం తీసి చదివాను. మూడుసార్లు చదివాను. నోట్లో ఏదీ పోయకూడదని రాసుంది. బొమ్మ కూడా వేశారు. గ్లాసు మీద అడ్డగీత."

"ఆ ఒక్క రోజేనా? మొన్న ఒక్కసారేనా అక్కా?"

"కాదు. మిషన్ వచ్చిన రెండో నెల నుంచీ. ఎవరి నోరెండితే వాళ్లకి."

"నోరెండిందంటేనే తెలిసిపోతోంది కదా. ఇంక అంకెతో పనేముంది?"

"అదేరా. కీక్‌మన్నప్పుడే అది చెప్పేసింది. నాకు అది మిషన్ మొరాయించినట్టు అనిపించింది. ముల్లు మంచిదేరా నీ భాషలో. దాన్ని వేలితో జరిపింది నేను."

"మరి ఇప్పటిదాకా ఒక్క పిల్లకీ ఏమీ కాలేదు?"

"ఎండలు ముదరలేదు. ఎనిమిది రౌండ్లు ఎప్పుడూ లేవు."

"నిన్నంతా నా పక్కనే కూర్చున్నావు. నేను ఆ సార్‌ని తిడుతుంటే వింటూ కూర్చున్నావు."

"విన్నాను."

"పొద్దున నేనాయన కాలరు…"

"నాకు తెలీదురా, నువ్వు ఇప్పుడు చెప్పేదాకా."

"తెలిస్తే చెప్పేదానివా?"

"…ఏమో."

"ఏమో అంటావేంటక్కా?"

"మరేమనను. చెప్పేదాన్నంటే నువ్వు నమ్ముతావా? నిన్నటి నుంచీ ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. నువ్వేమో అక్క లేకపోతే నేనేమైపోయేవాణ్ణి అంటావు. ఇంకెలా వస్తుంది మాట? నా నోరు కూడా ఎండిపోయింది."

"కాగితం ఇటివ్వు."

"చింపకు. సార్ పేరు కొట్టేసి నా పేరు రాయి. సాక్షి అన్నది కొట్టెయ్. నేను సంతకం పెడతాను. టైమెంతయింది?"

"మళ్లీ టైమా? ఆఫీసరు రానీ. వచ్చాక నువ్వే చెబుదువుగాని."

"చెప్తాను. ఇప్పుడు టైమెంత?"

"నాలుగూ ఇరవై. అక్కా, ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆఫీసరు వచ్చేది నాలుగున్నరకి. నిన్ను లోపలికి వదిలేది అయిదింటికి. నువ్వు ఇంతగా ఆ గడియారం వంక చూస్తున్నది దేనికి?"

"నాలుగుంబావుకి పరుగు మొదలవుతుంది."

"ఏ పరుగు?"

"రోజూ ఉండేదే. మైదానంలో. అలా చూడకురా."

"ఇందాక ఆ కొత్తమ్మాయి ఫోన్లో ఏమడిగింది?"

"ఇద్దరికి ఉమ్మి రావట్లేదంది. రెండేసి పుల్లలు పోయాయంది. ఏం చెయ్యమంటారని అడిగింది."

"నువ్వు చూపించినట్టే చెయ్యి అన్నావు."

"ఆఁ."

"తెలిసి. పెట్టెలో కాగితం మూడుసార్లు చదివాక."

"నువ్వు పక్కనే ఉన్నావురా. వద్దంటే, ఎందుకు వద్దంటున్నావని నువ్వు అడుగుతావు. ముందే కిందికెళ్లి ఫోను చేద్దామనుకున్నాను, నువ్వు కదలనివ్వలేదు. బాత్రూమ్‌లో చేద్దామనుకున్నాను…"

"ఫోను ఇటివ్వు."

"వద్దు. నేనే చెయ్యాలి. ఆ పిల్లకి నేర్పింది నేను. …ఎత్తట్లేదు. …ఎత్తింది. హలో, అమ్మా, నేను. పరుగు మొదలైందా?… ఎన్నో రౌండు?… ఆ ఇద్దరూ కూడానా?… వాళ్లకెంత వచ్చిందన్నావు?… అది వాళ్ల అంకె కాదు. నేను నీకు నేర్పింది తప్పు. అవును, నేనే, తప్పు నేర్పాను, ఆ కొత్త సార్ అడిగితే ఈ మాటే చెప్పు. ఫోను చేత్తో పట్టుకునే పరిగెత్తు, ముందు వాళ్లని ఆపు… ఆపావా?… నీడలో కూర్చోబెట్టు… సీసా ఇవ్వు… లేదు, లేదమ్మా, ఉమ్మొద్దు. మింగమను."